ముప్పై ఒకటో ఇంటి పలక

వైశాఖ శుద్ధ విదియ

స్వామికి దండం పెట్టుకుని ఈ పుస్తకం మొదలుపెడుతున్నాను. పాత లెక్కపెట్టె ఇక ఎక్కువ రోజులు నడవదట. దాని బదులు ఏది పెట్టాలో తేలేదాకా జరిగిందంతా రోజూ రాసి ఉంచమని మద్దిలేటన్న చెప్పాడు. ఆయన, కొండ కింద తొలిచిన మా ఎర్రమల బిలానికి పెద్ద. నేను పదో తరగతి దాకా చదివాను. పెద్ద మాటలు రావు. చూసింది చూసినట్టు రాస్తాను.

పొద్దున ఐదున్నరకి స్నానం చేసి, దీపం పెట్టి, పలకలు చూడటానికి బయల్దేరాను. రెండు వందల పన్నెండు ఇళ్ళు. ప్రతి తలుపు పక్కనా గోడకి ఒక పలక, దాని మీద మూడు గళ్ళు: తలలు, పొయ్యి గంటలు, జబ్బు. ఇంటి ఆడమనిషి లేవగానే ఆ మూడూ రాసి పెడుతుంది. వాటిని నా పుస్తకంలోకి ఎక్కించుకుని ఏడున్నరకి లెక్కపెట్టెకి ఇస్తాను. అది గాలి సూత్రం చదివి, ఏ ఇంటి గాలిరెక్కలు ఎంత తెరుచుకోవాలో లెక్క కడుతుంది. ఎనిమిదింటికి బిలమంతా రెక్కలు టకటకా కదులుతాయి. పైన ఎండ యాభై నాలుగు డిగ్రీలు దాటే ఈ నెలల్లో గాలిబావిలోంచి దిగే గాలి అందరికీ బొటాబొటిగా సరిపోతుంది. ఒక ఇంట్లో వృథా అయితే ఇంకో ఇంట్లో కటకట. అందుకే ఖాళీ ఇళ్ళ రెక్కలు పూర్తిగా మూసేస్తారు.

సూత్రం చిన్నదే. తలకి ఏడు, పొయ్యి గంటకి పన్నెండు, జబ్బు మనిషి ఉంటే ఇంకో పది. ముప్పై ఒకటో ఇంట్లో ఐదు తలలు, రెండు గంటల పొయ్యి, ఒక జబ్బు. ముప్పై ఐదు, ఇరవై నాలుగు, పది. మొత్తం అరవై తొమ్మిది. అది మా మరిది బజారప్ప ఇల్లు. జబ్బు ఆయనకే. ముప్పై ఏళ్ళు గాలిబావి తవ్విన దుమ్మంతా ఛాతీలో ఉండిపోయింది. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. వాళ్ళ పక్కనే ముప్పయ్యో ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటున్నాను.

ఇవాళ లెక్కపెట్టె నూట నలభయ్యో ఇంటి దగ్గర ఆగిపోయింది. మిషన్లు చూసే మహబూబ్ బాషా వచ్చి పెట్టె మూత తీశాడు. లోపలి నుంచి కాలిన వాసన.

"దీని ఆయుస్సు తీరిపోయిందక్కా. కొత్త పెట్టె గుత్తి బిలంలో దొరుకుతాది. కానీ సూత్రం చదివి లెక్క కట్టే సాఫ్ట్‌వేర్ దీంట్లోది దాంట్లో నడవదు. అదీ కొత్తదే ఎంచుకోవల్ల," అన్నాడు.

"లెక్క లెక్కే కద నాయనా. ఏదైతే ఏముంది?"

"లెక్క ఒకటే. కట్టేవోడి గుణం ఒకటి ఉంటాది గదక్కా," అని నవ్వాడు.

వైశాఖ శుద్ధ చవితి

బాషా గుత్తి నుంచి కొత్త పెట్టెతో పాటు మూడు సాఫ్ట్‌వేర్లు తెచ్చాడు. వాటి పేర్లు నాకు నోరు తిరగలేదు. సాయంత్రానికల్లా బిలంలో వాళ్ళే పేర్లు పెట్టేశారు. గుర్రం, కోతి, ఎద్దు.

గుర్రం దౌడు తీస్తుంది. రెండు వందల పన్నెండు ఇళ్ళ లెక్క రెప్పపాటులో ఇచ్చింది. కోతి ఏం చెప్తే అది చేస్తుంది. ఎద్దు నిమిషం పైనే తీసుకుంది, మధ్యలో రెండుసార్లు ఆగింది కూడా.

కోతి సంగతి ఇవాళే తేలిపోయింది. సూత్రం రాసే చోట బాషా లెక్కకి బదులు రెక్కలు తెరవమని రాసి చూశాడు. అంతే, దక్షిణపు వరసలో ఇళ్ళన్నిటి రెక్కలూ ఒక్కసారిగా బార్లా తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు బయటికొచ్చి కేకలు.

"ఏమబ్బా బాషా, మా ఇంట్లో బట్టలన్నీ ఎగిరిపోతాండాయి!"

"ఏం లేదత్తా, కోతికి సూత్రమని చెప్పి వేరే పని చెప్పినా. అది సూత్రమా కాదా అని కూడా చూడలా. చేసేసింది."

మద్దిలేటన్న గడ్డం గోక్కున్నాడు. "అంటే రేపు ఎవడైనా తాగి వచ్చి, వాళ్ళ మామ ఇంటికి గాలి ఆపేయమని సూత్రంలో రాస్తే?"

"ఆపేస్తాది."

"అయితే దాన్ని తీసకపోయి గుత్తోళ్ళకే ఇచ్చేయి. ఆడ మామలు ఎక్కువ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలా మూడింటిలో ఒకటి పోయింది.

వైశాఖ శుద్ధ పంచమి

మిగిలిన రెండిటికీ పరీక్ష. నా పాత పుస్తకంలోంచి పన్నెండు రోజుల పేజీలు తీసి ఇమ్మన్నారు. పెళ్ళిళ్ళు జరిగిన రోజు, అమ్మవారు పోసి పిల్లలు పడుకున్న రోజు, చావు జరిగిన రోజులు, పండగలు, అన్ని రకాలూ ఉండేటట్టు నేనే ఏరి ఇచ్చాను. ప్రతి పేజీకీ జవాబులు నేను చేత్తో కట్టి పెట్టాను. కళ్ళజోడు అద్దం తుడుచుకుంటూ రెండు వేల ఐదు వందల పైచిలుకు లెక్కలు కట్టాను. గుర్రం జవాబులు, ఎద్దు జవాబులు, నావి పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క అంకె తేడా లేదు. ఒక చోట తప్ప.

నా పుస్తకంలో పదిహేడో ఇంటి పొయ్యి గడి మీద పైకప్పు నుంచి నీటిచుక్క పడి అంకె అలుక్కుపోయింది. ఎద్దు అక్కడ ఆగి, "పదిహేడో ఇంటి పొయ్యి గంటలు తెలియడం లేదు. చెప్పేదాకా రెక్కలు ఉన్నచోటే ఉంచుతున్నాను" అని తెర మీద చూపించింది. గుర్రం ఆగలేదు. ఏదో జవాబు ఇచ్చి ముందుకు పోయింది.

"గుర్రం ఆ గడిని ఎంతగా తీసుకుంది నాయనా?" అని బాషాని అడిగాను.

"ఏదో తీసుకునింటాదిలేక్కా. పొయ్యే గదా."

మళ్ళీ అడుగుదామనుకున్నాను. ఈలోగా మద్దిలేటన్న గట్టిగా అన్నాడు, "ఒక్క చుక్క నీళ్ళకి ఎద్దు రెండొందల ఇళ్ళని నిలబెట్టింది చూడండి. ఎండాకాలంలో ఇట్లా నిలబడితే పనులయితాయా?" నా మాట నా నోట్లోనే ఉండిపోయింది. నా గొంతు మొదటి నుంచీ అంతే. గుళ్ళో పాట పాడినా పక్కవాళ్ళకి వినిపించదు.

వైశాఖ శుద్ధ షష్ఠి

సభ జరిగింది. గుర్రాన్నే ఖాయం చేశారు. మీకేది మంచిదనిపిస్తోందని నన్నూ అడిగారు. ఎద్దు అన్నాను. ఎందుకని అడిగారు. తెలియనప్పుడు తెలియదని చెప్తోంది కదా అన్నాను.

"ఓబులమ్మా, తెలియదని చెప్పేదానికి మిషన్ ఎందుకు? ఆ మాట మా ఇంట్లో నేను రోజూ చెప్తానే ఉండా," అన్నాడు మద్దిలేటన్న. సభంతా ఒకటే నవ్వు. ఆయన మంచి మనిషి, ఎకసక్కెంగా అనలేదు. కానీ ఆ నవ్వులో ఇంక నేనేం చెప్పలేకపోయాను.

అష్టమి పొద్దున నుంచి గుర్రం పని మొదలుపెడుతుంది.

సాయంత్రం బజారప్పని చూడటానికి వెళ్ళాను. మనవరాలిని ఛాతీ మీద పడుకోబెట్టుకుని ఉన్నాడు. మూడు నెలల పిల్ల, ఆయన ఊపిరికి పైకీ కిందికీ ఊగుతోంది.

"వదినా, కొత్తది పెడతాండారంట గదా. మా ఇంటికి రొంత ఎక్కువ రాయి," అన్నాడు దగ్గుతూ.

"నీ జబ్బు పది రాస్తూనే ఉన్నాను కదయ్యా."

"ఆ పదీ ఈ పిల్లే పీల్చేస్తాంది," అని నవ్వాడు.

వైశాఖ శుద్ధ సప్తమి

తెల్లవారుజామున బజారప్ప పోయాడు.

(ఈ పుటా, దీని తర్వాతవీ విడి కాగితాల మీద రాసి మైల తీరాక అంటించినవి. మైలలో ఈ పుస్తకం ముట్టకూడదు.)

మా ఇంటిపేరు వాళ్ళందరికీ పది రోజులు మైల. అంటే ముప్పై, ముప్పై ఒకటి, ఈ రెండు ఇళ్ళకీ. నేను పలకలు చూడటానికి వెళ్ళకూడదు, లెక్కపెట్టె గది గడప తొక్కకూడదు, దేవుడి దగ్గర దీపం పెట్టకూడదు. నా పని పది రోజులూ బాషా చూసుకుంటానన్నాడు. వాకిట్లో నిలబడే, కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు.

"మైల ఇంటి పలక ముట్టగూడదు, అంతేనాక్కా?"

"అంతే నాయనా. ఇంటివాళ్ళు రాయరు. పదకొండో రోజున వాళ్ళే మళ్ళీ రాస్తారు."

ఆ ఆచారం ఎందుకు వచ్చిందో మా అత్త చెప్పేది. మనిషి పోయిన మర్నాడే ఇంటి ఇల్లాలు సుద్దముక్క పట్టుకుని తలల గడిలో ఒకటి తగ్గించి రాయాలంటే ఆమె చెయ్యి ఆడదు. అందుకని పది రోజులు పలక ఖాళీగా ఉంచుతారు. ఆ పది రోజులూ పోయినవాళ్ళ వంతు గాలి కూడా ఇంటికి వస్తూనే ఉంటుంది.

చెంచమ్మ, నా తోటికోడలు, పలక తుడిచి ఖాళీగా వదిలేసింది. నేనూ నా పలక తుడిచేశాను. ఆయన పడుకున్న చోట దీపం పెట్టాం.

వైశాఖ శుద్ధ అష్టమి

పగలంతా ముప్పై ఒకటో ఇంట్లోనే ఉన్నాను. చుట్టాలు వచ్చి పోతున్నారు. దుమ్ము రాకుండా తలుపుల రబ్బరు అంచులు బిగించి ఉంచాం. చెంచమ్మ ఏడ్చి ఏడ్చి మత్తుగా పడుకుంది. ఆమె కొడుకు కంబగిరి గోడకి ఆనుకుని కునికిపాట్లు పడుతున్నాడు. కోడలు నాగవేణి తల పగిలిపోతోందంది. నాకూ తలనొప్పే. రాత్రంతా నిద్ర లేదు, తిండి లేదు, ఏడుపు. ఇంకేముంటుంది అనుకున్నాం.

ఎనిమిదింటికి రెక్కలు కదిలిన చప్పుడు విన్నాను. రోజూ వినే చప్పుడే. అవి ఎటు కదిలాయో చూడలేదు.

వైశాఖ శుద్ధ నవమి

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉంది. మెట్టు దిగితే కాళ్ళు తేలిపోతున్నాయి. మైల కాబట్టి మా ఇంట్లో దేవుడి దీపం వెలిగించలేదు. వెలిగించి ఉంటే అక్కడే తెలిసేది.

పది గంటలప్పుడు ముప్పై ఒకటికి వెళ్ళాను. చెంచమ్మ దీపం ముందు కూర్చుని రొమ్ము బాదుకుంటోంది.

"అక్కా, దీపం కొండెక్కింది. మూడుసార్లు వెలిగిచ్చినా నిలవలేదు. ఆయనకి మా మీద కోపమొచ్చిందక్కా. నేనేం తక్కువ చేసినా?"

నూనె నిండుగానే ఉంది. వత్తి కొత్తది. నేను వెలిగించాను. నీలంగా చిన్నగా నిలబడి, ఎవరో ఊదినట్టు ఆరిపోయింది. గదిలో గాలి కదలడమే లేదు.

గాలిరెక్క దగ్గర అరచెయ్యి పెట్టి చూశాను. ఏమీ తగల్లేదు. రెక్కలు ఒకదాని మీద ఒకటి గట్టిగా మూసుకుని ఉన్నాయి, ఖాళీ ఇంటికి మూసినట్టు.

అప్పుడు వెలిగింది నాకు. పలక ఖాళీ. బాషా ముట్టలేదు, ఆ గడులు ఖాళీగానే ఇచ్చాడు. గుర్రం ఆగలేదు. తలలు సున్నా, పొయ్యి సున్నా, జబ్బు సున్నా. ఏడు సున్నాలు సున్నా.

"కంబగిరీ, తలుపు తీయి!" అని అరిచాను. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. వాడు లేవలేకపోయాడు. నేనే రబ్బరు అంచు పీకి తలుపు తోశాను. చెంచమ్మ చెయ్యి పట్టుకుని బయటికి లాగాను. నాగవేణి గోడ పట్టుకుని లేచింది. పిల్ల ఉయ్యాలలో ఉంది. ఏడవడం లేదు. తీసుకుంటే తల భుజం మీద వాలిపోయింది. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి.

నడవలో గాలి ఉంది, కానీ పలచగా. బిలంలో గాలి అన్నిటికంటే బాగా ఉండేది గాలిబావి అడుగున. అక్కడ నరసింహస్వామి గుడి. స్తంభంలోంచి బయటికి వచ్చిన స్వామి, రాతిలో బతికే మాకు ఆయనే దిక్కని పెద్దవాళ్ళు అక్కడ పెట్టుకున్నారు. మైల మనిషి ఆ గడపకి ఇరవై అడుగుల దూరంలో ఆగిపోవాలి. యాభై ఏళ్ళలో నేను ఒక్కసారీ తప్పలేదు. ఇవాళ పిల్లని ఎత్తుకుని పరిగెత్తి, గడప దాటి, స్వామి ముందు చల్లటి బండ మీద పిల్లని పడుకోబెట్టాను. పైనుంచి గాలి దిగుతోంది. పిల్ల నోట్లో నోరు పెట్టి ఊదాను.

ఎంతసేపో తెలియదు. స్వామిని ఏమీ అడగలేదు. ఊదుతూ ఉన్నాను.

పిల్ల దగ్గింది. తర్వాత ఏడ్చింది. తాతలాగే గరగరమని ఏడ్చింది.

వైశాఖ శుద్ధ దశమి

చెంచమ్మ, కంబగిరి, నాగవేణి తేరుకున్నారు. పిల్ల పాలు తాగుతోంది. నిన్న మధ్యాహ్నమే బాషా రెక్కలు చేత్తో తెరిచాడు. ఆయన ముఖం చూడలేకపోయాను.

"నేనేం చేసినానక్కా. ముట్టగూడదంటిరి గదా, మర్యాదగా ఖాళీగా ఇచ్చినా. అది ఖాళీని సున్నా అనుకుంటాదని నాకేం తెలుసు," అని ఏడ్చాడు. ఆయన వయసు నలభై మూడు.

నా కోసం సభ నడవలోనే పెట్టారు. మైల కాబట్టి నేను ఎడంగా నిలబడ్డాను. మద్దిలేటన్న తల దించుకుని కూర్చున్నాడు.

"ఒక మాట అడుగుతా బాషా. మనం పన్నెండు దినాల పేజీలు పరీక్ష చేస్తిమి గదా. చావు జరిగిన దినాలు కూడా ఉండె గదా. అప్పుడు గుర్రం లెక్క సరిపోయె. నిన్న ఎందుకు తప్పింది?"

దానికి జవాబు నా దగ్గర ఉంది.

"ఆ తప్పు నాదన్నా," అన్నాను.

"గట్టిగా చెప్పమ్మా, ఇనపడల్యా."

గట్టిగానే చెప్పాను. మా అత్త ఈ పని నాకు నేర్పినప్పుడు ఒక సంగతి చెవిలో చెప్పింది. మైల ఇంటి పలక ఖాళీగా ఉంటుంది. పాత పెట్టెకి ఖాళీ ఇస్తే అది ఎర్రదీపం వెలిగించి ఆగిపోతుంది. చావు ఇంటి పేరు మీద ఎర్రదీపం వెలగడం బాగుండదు. అందుకని ఆ ఇంటివాళ్ళకి తెలియకుండా, పెట్టెకి తెలియకుండా, నిన్నటి అంకెలు నువ్వే పుస్తకంలో ఎక్కించు, పైకి చెప్పకు, అంది. పాతికేళ్ళుగా అలాగే ఎక్కిస్తున్నాను. అది దొంగరాత అని నాకెప్పుడూ అనిపించలేదు. దయ అనుకున్నాను. అలవాటయి చివరికి చేస్తున్నట్టే తెలియలేదు.

"పరీక్షకి ఇచ్చిన పేజీల్లో ఒక్క ఖాళీ గడి లేదన్నా. అన్నీ నేను నింపినవే. గుర్రానికి ఖాళీ చూపించకుండానే పరీక్ష చేశాం. నీటిచుక్క పడిన గడి ఒక్కటే దానికి ఎదురైంది. ఎంతగా తీసుకున్నావని దాన్ని మళ్ళీ అడగాలనుకున్నాను. అడగలేదు."



"నువ్వు అడగబోతే నేను అడ్డం వచ్చినా," అన్నాడు మద్దిలేటన్న. "నీళ్ళచుక్క మాట అన్నది నేనే. రాసుకో, అదీ రాసుకో పుస్తకంలో."

రాశాను.

తర్వాత ఎద్దుని పెట్టాలని తేలింది. ఒకరు అడిగారు, ఖాళీ కనపడితే నిన్నటి అంకె దానంతట అదే తీసుకునేటట్టు ఎద్దుకి చెప్పొచ్చు కదా అని. చెప్పొచ్చు, ఒక్క వాక్యం పని, అన్నాడు బాషా. అందరూ నా వైపు చూశారు.

"వద్దు," అన్నాను. "మైలలో ఖాళీ ఉంటుంది. మంచం మీంచి లేవలేనప్పుడూ ఖాళీ ఉంటుంది. జారి పడిపోయినా ఖాళీయే ఉంటుంది. ఎద్దు ఆగనీండి. ఆగినప్పుడల్లా ఒక మనిషి పోయి ఆ తలుపు తట్టాలి. తలుపు తట్టి తెలుసుకున్న అంకెనే ఎక్కించాలి, పక్కన తన పేరు రాయాలి."

"రోజూ ఎవరు పోతారు?"

"నేను పోతాను. నా మైల తీరేదాకా బాషా."

"ఎద్దు వెనక ఎద్దు," అని గొణిగారు ఎవరో. ఈసారి ఎవరూ నవ్వలేదు. బాషా మాత్రం అటు తిరిగి, "ఆ ఎద్దుల వల్లనే నువ్వు ఊపిరి పీలుస్తాండావు, మూసుకో," అన్నాడు.

వైశాఖ శుద్ధ చతుర్దశి

నరసింహ జయంతి. గుడి నుంచి గంటలు వినిపిస్తున్నాయి. నేను వెళ్ళలేదు. మొన్న మైలతో గడప తొక్కినందుకు శుద్ధి చేయించాలా అని అడిగాను. పూజారి కాసేపు ఆలోచించి, గడప మీద పిల్ల చొంగ కారింది, అది నీళ్ళతో కడిగేశాం, అంతకంటే ఏం లేదమ్మా అన్నాడు. నా మనసు ఇంకా పూర్తిగా కుదుటపడలేదు. ఇంటి గడపలో కూర్చుని అక్కడి నుంచే దండం పెట్టుకున్నాను.

ఎద్దు రోజూ మా రెండు ఇళ్ళ దగ్గర ఆగుతోంది. ఏడున్నర దాటగానే బాషా వచ్చి తలుపు తడతాడు. లోపలికి రాడు. "అక్కా, ఎట్లుండారు?" అంటాడు. నేను బాగున్నానంటాను. పక్కింటికి పోయి, "చెంచమ్మత్తా, అందరూ లేచినారా?" అంటాడు. ఎంతమంది అని మాత్రం అడగడు. అలా అడగొద్దని నేను చెప్పలేదు. తనకే తెలిసింది. చెంచమ్మ లోపలి నుంచి, "లేచినాము నాయనా," అంటుంది. గడప బయటి నుంచే అందరినీ కంటితో చూసుకుని పోయి ఐదు అని ఎక్కించి, పక్కన తన పేరు రాస్తున్నాడు. ఐదో మనిషి ఎవరో బిలంలో అందరికీ తెలుసు. ఆ వంతు ఇవ్వనని ఎవరూ అనలేదు.

ఈ ఎదురుచూపులో బిలమంతటికీ రెక్కలు ఏడెనిమిది నిమిషాలు ఆలస్యంగా కదులుతున్నాయి.

వైశాఖ బహుళ విదియ

పదకొండో రోజు. తల స్నానాలయ్యాయి. ఇల్లు కడిగాం. ఈ పొద్దు నుంచి పని మళ్ళీ నాది. దీపం పెట్టి, పుస్తకం కళ్ళకద్దుకుని బయల్దేరాను. నా పలక మీద నేనే రాసుకున్నాను. ఒక తల, ఒక గంట పొయ్యి.

ముప్పై ఒకటో ఇంటి ముందు చెంచమ్మ నిలబడి ఉంది. చేతిలో సుద్దముక్క. నాగవేణి వెనకాల, చంకలో పిల్ల. కంబగిరి వాకిట్లో చేతులు కట్టుకుని.

"నువ్వు రాయక్కా," అంది చెంచమ్మ.

పాతికేళ్ళు నేను రాశాను, ఎవరూ అడగకుండానే. "లేదమ్మా, నువ్వే రాయాలి. నేను ఇక్కడే ఉంటాను," అన్నాను.

"ఎంత రాయల్ల?"

"ఎంతమంది ఉన్నారో అంత."

ఆమె వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ చూసింది. కొడుకుని, కోడలిని. పిల్ల దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. పలక వైపు తిరిగి తలల గడిలో రాసింది. గీత వంకర పోయింది. కొంగుతో తుడవబోయి, మానుకుని, అలాగే ఉంచింది. పొయ్యి గడిలో ఒకటి రాసింది. జబ్బు గడి దగ్గర సుద్దముక్క ఆగింది. ఎనిమిదేళ్ళుగా ఆ గడిలో ఒకటి తప్ప రాయలేదు ఆమె.

"ఈడ ఏమీ రాయకుండా ఇడ్సిపెట్టకూడదు గదక్కా?"

"వదలకూడదమ్మా."

సున్నా చుట్టింది. గుండ్రంగా, నెమ్మదిగా.

అంకెలు ఎక్కించుకుని లెక్కపెట్టె గదికి పోయాను. ఎద్దు ఇవాళ ఎక్కడా ఆగలేదు. దానికి రెక్కలు తిప్పమని చెప్పి, చప్పుడు మొదలయ్యేలోగా ముప్పై ఒకటికి తిరిగి వచ్చాను. లోపల అందరూ గాలిరెక్క కింద నిలబడి పైకి చూస్తున్నారు. ఎనిమిదయింది. దూరం నుంచి ఒక్కో ఇల్లూ దాటుకుంటూ టకటక వచ్చింది. మా తల మీద రెక్కలు కదిలాయి. మూసుకోలేదు. కొద్దిగా, రెండు వేళ్ళంత, దగ్గరికి వచ్చి ఆగాయి. చెంచమ్మ చెయ్యి ఎత్తి, వస్తున్న గాలి కింద పెట్టి, అలాగే ఉంచుకుంది.

ముప్పై ఒకటో ఇల్లు. తలలు 4. పొయ్యి 1. జబ్బు 0. గాలి 40. రాసినది చెంచమ్మ. చూసినది ఓబులమ్మ.